డార్కింగ్‌లో కాటన్ దొర

లండన్ చూడటానికి వచ్చిన మనవాళ్ళు టవర్ బ్రిడ్జి చూస్తారు, బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు ఫోటో దిగుతారు, తీరిక ఉంటే బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు కూడా చూసి వెళతారు. గోదావరి జిల్లాలవాళ్ళు ఇంకొక చోటు కూడా చూడాలని నా మనవి. అది సర్రే కౌంటీలోని డార్కింగ్ అనే చిన్న ఊరు. సర్ ఆర్థర్ కాటన్ సమాధి అక్కడే ఉంది.

నేను చదువుకునే గిల్డ్‌ఫోర్డ్ నుంచి రైలెక్కితే అరగంట లోపే డార్కింగ్. రైగేట్ రోడ్డు మీద 1855లో తెరిచిన శ్మశానవాటిక ఉంది. కాటన్ 1803లో పుట్టారు. ఉద్యోగం విరమించాక ఈ ఊళ్ళో స్థిరపడి, ముసలితనంలో కూడా నేలను లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేస్తూ, 1899లో 96వ ఏట ఇక్కడే కన్నుమూశారు. మాది కోనసీమ. గుర్రమెక్కిన కాటన్ విగ్రహాలు చూస్తూ పెరిగినవాడికి ఇక్కడి నిశ్శబ్దం వింతగా ఉంటుంది.

ఆయన మనకు ఎందుకు దొర అయ్యాడో తెలియాలంటే ఆనకట్టకు ముందు సంగతి తెలియాలి. 1832-33లో నందన కరువు, 1839లో కోరంగి తుపాను. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉంటే, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. గోదావరి నీళ్ళు కళ్ళముందే సముద్రంలో కలుస్తుంటే పక్కన మనుషులు ఆకలితో చచ్చిపోయారు. శిస్తు రాబడి కూడా పడిపోయింది. కంపెనీవారు ఆనకట్టకు ఒప్పుకోవడంలో జాలి కన్నా ఈ లెక్కే ఎక్కువ పనిచేసిందని నేను అనుకుంటాను. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఇలా నాలుగు భాగాలుగా కట్టారు. దాని స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ వచ్చింది. ఇప్పుడు దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

మా వైపు స్నాన సంకల్పంలో కాటన్‌ను తలుచుకునే శ్లోకం ఒకటి వాడుకలో ఉంది. ఆ కృతజ్ఞతను నేను తప్పుపట్టను. రైళ్ళ మీద పోసే డబ్బు కాలువల మీద పెట్టండని సొంత ప్రభుత్వంతో ఏళ్ళ తరబడి పోరాడిన మనిషి ఆయన. అయితే ఆయనలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి ఉంది. గోదావరికి రాకముందు ఆయన తంజావూరు వైపు కావేరి మీద పనిచేశారు. అక్కడ చోళుల కాలం నాటిదని చెప్పే పాత ఆనకట్ట, కల్లణై, ఉంది. నది ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో ఈ దేశస్థుల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ స్వయంగా రాశారు. పేరు కూడా తెలియని పాత మేస్త్రీలకు ఋణపడ్డామని ఒక కంపెనీ ఇంజనీరు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

మరి మనం ఆ పాటి న్యాయం చేస్తున్నామా? ధవళేశ్వరంలో కూలీలను సమకూర్చి, పని దగ్గరుండి నడిపించిన వీణం వీరన్న గారి పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఎండలో రాళ్ళు మోసిన వేలమంది ఆడవాళ్ళ, మగవాళ్ళ పేర్లు ఏ రాయి మీదా లేవు. వాళ్ళ మునిమనవళ్ళు ఆ కాలువల కింద ఇప్పటికీ కూలికి వెళుతూ ఉండవచ్చు.

అందుకని డార్కింగ్ వెళ్ళినవాళ్ళు కాటన్ గారికి ఒక పువ్వు తప్పక పెట్టండి. వెంట పిల్లలు ఉంటే వీరన్న గారి కథ, ఆ కూలీల కథ కూడా అక్కడే నిలబడి చెప్పండి. పాత మేస్త్రీల ఋణం ఒప్పుకున్న మనిషి సమాధి దగ్గర చెప్పవలసిన మాటలే అవి. సెలవు.