అగ్నికి తప్పిన జాబులు

మన పెద్దల కాలమున ప్రతి యింటి వసారాలోను, గోడ మేకునకు ఇనుప తీగ యొకటి వ్రేలాడుచుండెడిది. వచ్చిన కార్డులను, కవర్లను చదివిన వెంటనే దానికి గ్రుచ్చెడివారు. పెండ్లి కబురు, పంట కబురు, మరణ వార్త, అప్పు తీర్చుమని హెచ్చరిక, అన్నియు ఆ తీగమీదనే వరుసగా చేరుచుండెడివి. తీగ నిండిన పిమ్మట ఆ జాబుల గతి యేమి? కొన్ని అటకమీది పెట్టెలోనికి పోయెడివి. కొన్ని భోగిమంటలోనికి పోయెడివి. ఏవి యెందు పోవలెనన్న విచారణ చేసినవారు అరుదు. చరిత్రకు కావలసిన సామగ్రి పెక్కు భాగము ఇట్లే పెట్టెకును మంటకును నడుమ ఊగిసలాడుచుండును. ఒక మహామేధావి జాబులును, చివరి కాగితములును ఏ విధముగా ఆ మంటను తప్పించుకొని యొక కళాశాలా గ్రంథాలయమును చేరెనో ఈ ప్రసంగమున విన్నవింప దలచితిమి.

ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల 1546లో ఎనిమిదవ హెన్రీ రాజు స్థాపించినది. దాని గ్రంథాలయమును సర్ క్రిస్టొఫర్ రెన్ అను శిల్పాచార్యుడు నిర్మించెను. 1695లో అది పూర్తియయ్యెను. న్యూటను మహాశయుని సొంత పుస్తకములు అచ్చట పదిలముగ నున్నవి. అవి యున్న చోటనే కుంభకోణమునుండి వచ్చిన శ్రీనివాస రామానుజన్ వ్రాసిన జాబులును, గణితపు కాగితములును ఉన్నవి.

రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో జన్మించెను. గణితము తప్ప వేరొకటి చదువనందున కళాశాలలో ఉపకారవేతనము పోగొట్టుకొనెను. 1905లో ఎవరితోను చెప్పక ఇల్లు విడిచి ఆయన వచ్చినది మన విశాఖపట్టణమునకే. కొలది దినములకు తిరిగి పోయెనుగాని, ఆ బాలుని నిరాశ మన సముద్రతీరమును చూచినదని చెప్పవచ్చును. ఆంధ్రదేశముతో ఆయనకు గల రెండవ సంబంధము ఇంకను ముఖ్యమైనది. 1910 చివర, చంకలో నోటుపుస్తకములు పెట్టుకొని ఆయన ఆశ్రయించినది నెల్లూరు కలెక్టరుగా నున్న ఆర్. రామచంద్రరావుగారిని. రావుగారు గణితజ్ఞులు, రసజ్ఞులు. ఆ పుస్తకములలోని సంగతి తమకు పూర్తిగా అందకపోయినను, అందులో అసాధారణమైన దేదో కలదని గుర్తించి, కొంతకాలము తమ సొంత ద్రవ్యముతో నెలనెల ఆయనను పోషించిరి.

పరుల ధనముమీద బ్రతుకుట ఇష్టము లేక, 1912 మార్చిలో రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టు కార్యాలయమున గుమాస్తాగా చేరెను. జీతము నెలకు 30 రూపాయలు. ఇంగ్లండులోని పండితులకు జాబులు వ్రాయుట అప్పుడు మొదలయ్యెను. ఇద్దరు పేరుగాంచిన గణితవేత్తలవలన ప్రయోజనము లేకపోయెను. 1913 జనవరి 16వ తేదీన మూడవవాడైన ట్రినిటీ కళాశాలలోని జి. హెచ్. హార్డీకి జాబు పోయెను. తాను పోర్టు ట్రస్టు లెక్కల శాఖలో గుమాస్తాననియు, విశ్వవిద్యాలయపు చదువు లేనివాడననియు, వయస్సు సుమారు ఇరువది మూడనియు అందు వ్రాసికొనెను. నిజమునకు అప్పటికి ఆయనకు ఇరువదియైదు నిండినవి. ఆ వెనుక పుటల నిండ సూత్రములే! ఉపపత్తి మాత్ర మొక్కదానికిని లేదు.

హార్డీ మొదట దీనిని ఎవరో చేసిన పరిహాసమని అనుకొనెను. కాని ఆ సూత్రములు ఆయన మనస్సును విడువలేదు. రాత్రి తన మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కూర్చుండి పరిశీలించెను. ఇవి నిజమే కావలెను, ఏలనన నిజము కానిచో ఇట్టివానిని కల్పించు ఊహ ఎవరికిని ఉండజాలదని తేల్చెను. ఫిబ్రవరి 8వ తేదీన ప్రత్యుత్తరము వ్రాసి, ఉపపత్తులు పంపుమని కోరెను.

ఫిబ్రవరి 27వ తేదీన రామానుజన్ వ్రాసిన రెండవ జాబు చదివినవారి హృదయము కరగక మానదు. ఒకటి, రెండు, మూడు అని అంతములేకుండ కూడుచు పోయినచో తన పద్ధతిలో మొత్తము ఋణ పన్నెండవ వంతు అగునని చెప్పి, ఈ మాట విన్నచో తనను పిచ్చివాండ్ర ఆసుపత్రికి పంపుదురేమో యని తానే చమత్కరించెను. వెంటనే అసలు సంగతి చెప్పుకొనెను: తాను అర్ధాకలితో నున్నాడు, మెదడు పనిచేయవలెనన్న ముందు కడుపునకు కూడు కావలెను, ఉపకారవేతనము దొరకుటకు హార్డీ వ్రాసెడి ఒక మంచి మాట తోడ్పడును. ఆ మాట ఫలించెను. 1913 మే నుండి మద్రాసు విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల వేతనము మంజూరు చేసెను. 1914 మార్చిలో ఆయన ఓడ యెక్కెను.

తరువాతి కథ జగద్విదితము. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము, ఆ యేడే ట్రినిటీ కళాశాల ఫెలోపదవి లభించినవి. కాని ఆ గౌరవములు వచ్చునప్పటికి ఆయన మంచము పట్టియుండెను. మ్యాట్లాక్ హౌస్, ఫిట్జ్‌రాయ్ హౌస్ మొదలగు ఆరోగ్యశాలలనుండి హార్డీకి వ్రాసిన జాబులు నేడు ట్రినిటీ గ్రంథాలయమున నున్నవి. వానినిండ గణితమే. ఆరోగ్యశాలల కాలపు జాబులలో నొకదానిలో చలిగదిలో నిప్పు వేయనీయరని మొరపెట్టుకొని, స్నానాల గది వెచ్చగా నున్నది గనుక కలము, కాగితము తీసికొని దినమున కొక గంట అచ్చటికి పోయి పని చేసెదనని వ్రాసెను. జీవితచరిత్రకారుడు ఎన్ని పుటలు వ్రాసినను ఈ యొక్క వాక్యము తెలిపినంత తెలుపగలడా?

1919లో స్వదేశము చేరిన పిమ్మట, 1920 జనవరి 12వ తేదీన ఆయన హార్డీకి తుది జాబు వ్రాసెను. ఇంతకాలము వ్రాయనందుకు క్షమాపణ చెప్పి, ‘మాక్ థీటా ప్రమేయములు’ అను కొత్త వస్తువును కనుగొంటినని తెలిపి పదునేడు ఉదాహరణములు ఇచ్చెను. పూర్వులెరిగిన థీటా ప్రమేయముల పోలిక గలిగియు, వానిలో చేరనివి ఇవి. ఏప్రిల్ 26వ తేదీన ముప్పదిరెండేండ్ల ప్రాయమున ఆయన మరణించెను.

ఆయన చివరి యేటి కాగితములు భార్య జానకియమ్మాళ్ చేతినుండి మద్రాసు విశ్వవిద్యాలయమునకు చేరెను. 1923లో రిజిస్ట్రారు డ్యూస్‌బరీ వానిని ఒక పొట్లముగా హార్డీకి పంపెనని పండితుల నిర్ణయము. హార్డీ వానిని బర్మింగ్‌హామ్ ఆచార్యుడైన జి. ఎన్. వాట్సనున కిచ్చెను. వాట్సను 1935లో లండన్ గణిత సంఘాధ్యక్షుడుగా రామానుజన్ తుది జాబుపైననే ప్రసంగించిన మహానుభావుడు. అయినను ఆ కాగితములు ఆయన మేడగదిలోనే నిలిచిపోయినవి.

1965లో వాట్సను గతించెను. ఆయన జీవిత సంగ్రహము వ్రాయుటకై జె. ఎం. విట్టేకర్ అను గణితవేత్త వాట్సనుగారి భార్యను చూడబోయెను. భోజనానంతరము ఆమె ఆయనను గది చూపుటకు మేడమీదికి తీసికొనిపోయెను. నేలమీద అడుగెత్తున కాగితములు! లెక్కలు, చిత్తులు, పన్ను పత్రములు, జాబులు కలగాపులగముగా పడియున్నవి. కొలది దినములలో అన్నియు తగులబెట్టుటకు ఏర్పాటయియున్నది. విట్టేకర్ ఆ రాశిలో చేయిపెట్టి అందిన వానిని పైకి తీయుచుండెను. అట్లు తీయగా ఒక మారు చేతికి వచ్చినది రామానుజన్ స్వహస్తాక్షరములు గల కట్ట! ఆ చేయి నాలుగంగుళములు పక్కకు పోయియున్నచో? ఆర్. ఎ. రాంకిన్ అను మరొక గణితవేత్త 1968 డిసెంబరులో దానిని ట్రినిటీ కళాశాలకు పంపెను. హార్డీ, రామానుజన్ ఇరువురును నడయాడిన కళాశాలకు అట్లా కాగితములు తిరిగి వచ్చినవి.

పెట్టెలో చేరినంత మాత్రమున పని ముగియలేదు. 1976లో జార్జ్ ఆండ్రూస్ అను అమెరికా దేశపు గణితవేత్త పరిశోధనకై అచ్చటికి పోయి వానిని తెరచి చూచెను. మాక్ థీటా ప్రమేయముల సంగతి యెరిగినవాడగుటచే ఇవి రామానుజన్ చివరి దినములలో వ్రాసినవని తెలిసికొనెను. ఆరువందలకు పైగా సూత్రములు అందున్నవి. వానిని నిరూపించి వ్యాఖ్యానించుటకు ఆండ్రూసునకును, బ్రూస్ బెర్న్‌టునకును 2005 నుండి 2018 వరకు అయిదు సంపుటములు పట్టినవి. మాక్ థీటా ప్రమేయముల తత్త్వమేమో 2002లో గాని తేటపడలేదు. డచ్చి దేశపు యువకుడు సాండర్ జ్వేగర్స్ దానిని తేల్చెను. ఎనుబదిరెండేండ్ల పిమ్మట ఒక జాబునకు సరియైన జవాబు వచ్చెనని మేము దీనిని తలంచుచున్నాము.

ఇందులో ఎవరిని నిందింపగలము? వాట్సను భార్య కాగితములను ద్వేషించినది కాదు. ఇల్లు చక్కబెట్టుకొన దలచినది. మన యిండ్లలోని గృహిణులును అంతే. వితంతువైన జానకియమ్మాళ్ భర్త వ్రాతలను విశ్వవిద్యాలయమున కిచ్చుటచేతనే మొదట అవి నిలిచినవి. విట్టేకర్ అడుగుటచేతనే రెండవమారు నిలిచినవి. ఆండ్రూస్ చదువుటచేతనే వానికి ప్రాణము వచ్చినది. ఇచ్చువారు, అడుగువారు, చదువువారు, ఈ మువ్వురిలో ఎవరు లోపించినను మిగిలిన ఇరువురి శ్రమ వ్యర్థము.

మా వృత్తి మాటల వృత్తి. పలికిన మాట గాలిలో కలిసిపోవునని మాకు తెలిసినంత మరెవ్వరికిని తెలియదు. అందుచేతనే మేమీ కోరిక కోరుచున్నాము. రాబోవు భోగికి ముందు మీ యటకమీది పెట్టెను ఒక్కమారు దింపుడు. ఎవరు ఎవరికి, ఏ యూరినుండి, ఏ తేదీన వ్రాసిరో చూడుడు. మీకు అర్థము కానిచో మీ యూరి కళాశాలా గ్రంథాలయాధికారికి చూపుడు. నెల్లూరు కలెక్టరుగారికి సయితము ఆ నోటుపుస్తకములు పూర్తిగా అర్థము కాలేదు. అయినను వారు వానిని త్రోసివేయలేదు.