చెంచు విల్లు, తోలు పిడి

మంట అవతలికి జరపరా అబ్బయ్యా, గాలి కల్లం మీదికి కొడతాంది. ఒక్క మిరపకాయ నిప్పులో పడిందంటే దగ్గలేక చస్తాం. ఆఁ, ఇప్పుడు కూర్చో, చెప్తా.

మా చిన్నతనంలో మిరపకోతలకి నల్లమల నుంచి చెంచులు దిగేవాళ్ళు. పాలుట్ల వైపు గూడేల నుంచి యర్రగొండపాలెం మీదగా పిల్లాజెల్లాతో వచ్చేవాళ్ళు. పగలు కాయ కోసేది, రాత్రి కల్లం కాపలా. మొగోళ్ళు విల్లు మాత్రం వదిలేవాళ్ళు కాదు. ఎలుగులు తిరిగే అడివిలో పెరిగినోళ్ళు గదా!

అట్టా వచ్చిన ఒక పెద్దాయన మా కల్లం కాడే విల్లు పూర్తి చేశాడు. గుల్ల లేని గట్టి వెదురు. అడివిలోనే కోసి, నీడన ఆరబెట్టి, బద్ద చెక్కి తెచ్చుకున్నాడు. ఇంకేముందిలే, నున్నగా చేసుకోవడమేగా అనుకున్నా. అసలు పనంతా అక్కడే ఉందిరా. నారి వదులుగా కట్టి కాస్త లాగేవాడు. మంట వెలుగులో రెండు కొమ్ములూ సమంగా వంగాయా లేదా చూసేవాడు. బిర్రుగా ఉన్న కొమ్మును లోపలివైపు కత్తి అంచుతో గీకేవాడు. ఊదితే ఎగిరిపోయేంత సన్నటి పొట్టు లేచేది. మళ్ళీ కట్టడం, ఇంకాస్త లాగడం. తొందరపడి ఒకేసారి బారుగా లాగితే విరిగిపోద్ది. పైపెచ్చు వైపు మాత్రం కత్తి ఆననిచ్చేవాడు కాదు. వెదురు బలమంతా ఆ పెచ్చు కింది నారలోనే ఉంటది. చివరికి గరుకాకుతో రుద్ది, ఆముదం పట్టించి, సెగకి దూరంగా పట్టుకుని వెచ్చజేశాడు.

ఆ విల్లుకి తోలు పిడి లేదు. చెమట పడితే జారుతుందని మోటబావులకి తోలుబానలు కుట్టే మా ఊరి తాత పట్టుబట్టాడు. తంగేడు చెక్కలో ఊరేసి పదును చేసిన మేకతోలు ముక్క తెచ్చాడు. ముందు చెంచాయన చేత విల్లు పట్టించి, పిడికిలికి పైనా కిందా బొగ్గుతో గీత గీశాడు. తోలు నానబెట్టి, తడి మీదనే చుట్టి, అంచుకి అంచు చేర్చి కుట్టాడు. కుట్టు అరచేతిలో గుచ్చుకోకుండా అవతలివైపుకి వచ్చింది. బాణం ఆనేచోట అంచు మడిచి కాస్త ఎత్తు చేశాడు. నిప్పు దగ్గర పెడితే తోలు బిరుసెక్కి పగులుద్దని రాత్రంతా పందిరి గుంజకి వేలాడదీశాడు. తెల్లారేసరికి తోలు ఆరి, ముడుచుకుని, బద్దకి అతుక్కుపోయింది.

తాత డబ్బులు ముట్టలేదు. మరుసటేడు కోతలకి చెంచాయన తేనె తెచ్చిచ్చాడు. ఆ ఇద్దరి పనితనానికీ మా ఊళ్ళో మేం ఇయ్యాల్సినంత మర్యాద ఇయ్యలేదు. ఆ మాట నేను దాచను.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1983 నాటికి ఆ అడివి పులుల అభయారణ్యమైంది. వేట పోయింది, విల్లు చేసే చేతులూ తగ్గాయి. అయినా అహోబిలంలో పారువేట ఉత్సవానికి చెంచులు ఇప్పటికీ విల్లు పట్టుకొస్తారు. చెంచులక్ష్మి వాళ్ళ ఆడబిడ్డ, నరసింహస్వామి వాళ్ళ అల్లుడు గదా!

ఇందాక నువ్వడిగిన బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ, 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు బంగారు పతకాలు గెలిచిందే, ఆమెది కప్పీలున్న విల్లు. వెదురుతో పనిలేదు. కానీ చెంచాయన నాకు చెప్పింది ఆ విల్లుకీ పనికొస్తది. పిడిని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి, బిగిస్తే విల్లు పక్కకి తిరిగి బాణం తప్పుద్ది అన్నాడు. ఈసారి టీవీలో ఆమె కనపడితే బాణాన్ని చూడమాక, విల్లు పట్టుకున్న చేతి వేళ్ళు చూడు.