ధన్యతనూ డోపమైన్‌నూ కలిపి చదివేముందు

ప్రార్థన చేస్తే మెదడులో డోపమైన్ విడుదలవుతుందనీ, విశ్వాసి సంతోషానికి అదే కారణమనీ చెప్పే మాట ప్రసంగాల్లో, వాట్సాప్ సందేశాల్లో వినిపిస్తూ ఉంటుంది. విశ్వాసానికి ప్రయోగశాల నుంచి సాక్ష్యం దొరికిందన్న ఊరట అందులో ఉంది. అయితే అసలు అధ్యయనాలు చదివితే అవి చెప్పేది వేరు. నా దృష్టిలో అది ఈ మాటకన్నా విలువైనది.

ముందు పదం సంగతి. మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో, కొండమీద ప్రసంగం మొదట్లో గ్రీకు మూలం వాడిన పదం ‘మకారియోయ్’. తెలుగు బైబిల్ దాన్ని ‘ధన్యులు’ అంది. ఆ ధన్యుల్లో దుఃఖపడేవారూ హింసలు పడేవారూ ఉన్నారు కాబట్టి ఈ ఎంపిక చాలా సరైనది. మనసుకు హాయిగా ఉండటం వేరు, దేవుని ఎదుట మనిషికున్న స్థితి వేరు. మెదడు స్కానర్‌కు చిక్కేది మొదటిదే, అదీ రక్తప్రసరణలో మార్పు ద్వారా, పరోక్షంగా.

డోపమైన్ విషయానికి వస్తే, దాన్ని ‘ఆనంద రసాయనం’ అనడమే తొందరపాటు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ బృందం ఎలుకల మెదడులో డోపమైన్‌ను దాదాపు లేకుండా చేసింది. అవి తిండి కోసం కదలడం మానేశాయి. కానీ నోట్లో తీపి వేస్తే ఇష్టపడ్డట్టు ముఖం పెట్టడం మాత్రం మానలేదు. అంటే డోపమైన్ ప్రధానంగా నడిపేది కోరికను. రుచిని ఆస్వాదించడం వెనక వేరే వ్యవస్థలు ఉన్నాయి.

ప్రార్థన మీద జరిగిన పరిశోధనల్లో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయానిది. ఊఫే ష్యోట్ బృందం 20 మంది క్రైస్తవులను ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, ఒకసారి పరలోక ప్రార్థనను, మరోసారి సొంత మాటల్లో ప్రార్థనను మనసులో చేయమంది. పోల్చి చూడటానికి ఒక పిల్లల పాటను వల్లించమంది, శాంతాక్లాజ్‌ను కోరికలు కోరమంది. 2008లో వచ్చిన పత్రంలో, ప్రార్థన వేళ ప్రతిఫలంతో సంబంధమున్న కాడేట్ భాగం చురుకైందని రాశారు. ‘డోపమైన్ ప్రసంగాల’కు ఇలాంటి ఫలితాలే ఆధారమై ఉండవచ్చు. అయితే ఆ యంత్రం డోపమైన్‌ను కొలవదు. కాడేట్ చేసే పనీ ఒక్కటి కాదు.

అదే బృందం 2009లో వెలువరించిన పత్రం ఇంకా లోతైనది. సొంత మాటల ప్రార్థనలో, ఎదుటి మనిషి మనసును ఊహించేటప్పుడు పనిచేసే భాగాలు చురుకయ్యాయి. శాంతాక్లాజ్‌ను కోరికలు కోరినప్పుడు అలా జరగలేదు. ఆ విశ్వాసుల మెదడు ప్రార్థనను ఒక వ్యక్తితో మాట్లాడటంగానే నడిపించిందని దీనికి అర్థం చెప్పుకోవచ్చు. వినేవాడు ఉన్నాడా లేడా అన్నది మాత్రం ఈ పద్ధతి తేల్చే ప్రశ్న కాదు. దీన్ని దేవునికి రుజువుగా చూపినా, దేవుడు మెదడు కల్పన అనడానికి వాడినా అంతే తప్పు.

మరో అధ్యయనాన్నీ విశ్వాసులు తరచుగా తప్పుగా ఉదహరిస్తారు. డేవిడ్ స్నోడన్ 1986లో అమెరికాలో నోట్ర డేమ్ సభకు చెందిన కన్యాస్త్రీలతో మొదలుపెట్టిన పరిశోధన అది. వారిలో 180 మంది సగటున 22 ఏళ్ల వయసులో చేత్తో రాసిన ఆత్మకథలను దశాబ్దాల తర్వాత పరిశీలించారు. సంతోషం, కృతజ్ఞత వంటి భావాలున్న వాక్యాలు ఎక్కువగా రాసినవారు, అతి తక్కువగా రాసినవారికన్నా సుమారు 7 ఏళ్లు ఎక్కువ బతికారని 2001లో ప్రకటించారు. విశ్వాసం ఆయుష్షు పెంచుతుందని దీన్నుంచి చెప్పడం కుదరదు. ఎక్కువకాలం బతికినవారూ తక్కువకాలం బతికినవారూ ఒకే వ్రతాలు తీసుకున్నారు, ఒకే తరహా జీవితం గడిపారు. అక్కడ తేడా విశ్వాసంలో కాదు, స్వభావంలో ఉండి ఉండవచ్చు.

మరి విశ్వాస జీవితంలో సంతోషంతో ముడిపడినది ఏది? ఛయూన్ లిమ్, రాబర్ట్ పుట్నమ్ అనే పరిశోధకులు అమెరికాలో 2006, 2007ల్లో అవే మనుషులను రెండుసార్లు పలకరించి చేసిన సర్వే ఫలితం నన్ను ఆపి ఆలోచింపజేసింది. ప్రతివారం ఆరాధనకు వెళ్తూ, సంఘంలో ముగ్గురు నుంచి అయిదుగురు దగ్గరి స్నేహితులున్నవారిలో 33 శాతం మంది జీవితం పట్ల ఎంతో తృప్తిగా ఉన్నామన్నారు. ప్రతివారం వెళ్తున్నా అక్కడ స్నేహితులు లేనివారిలో ఆ సంఖ్య 19 శాతం. అసలు వెళ్లనివారిలోనూ 19 శాతమే. ఇది సహసంబంధమే, కారణానికి గట్టి రుజువు కాదు. అయినా ఆరాధన కాగానే ఎవరూ పలకరించక వెళ్లిపోయే మనిషి ఈ అంకెలో నాకు కనిపిస్తున్నాడు.

ఈ అంకెల తర్వాత ఫిలిప్పీయులకు రాసిన పత్రికను మళ్లీ చదివాను. పౌలు బందీగా ఉండి రాసిన ఆ చిన్న ఉత్తరం నిండా ఆనందం అన్న మాటే. దానితోపాటు మనుషుల పేర్లూ ఉన్నాయి. సాయం మోసుకొచ్చి, చావు దాకా వెళ్లి కోలుకున్న ఎపఫ్రొదితు ఉన్నాడు. ఒకరితో ఒకరికి పొసగని యువొదియ, సుంటుకే ఉన్నారు. నాలుగో అధ్యాయం మొదట్లో పౌలు తన ఆనందమని పిలిచింది ఒక అనుభూతిని కాదు, ఫిలిప్పీ సంఘస్థులను.