తల్లి కడుపు మీద మోపిన నేరం

మా సారపాకలో నా దగ్గర చదివే ఒక అమ్మాయి తమ్ముడికి తొమ్మిదేళ్లు. కూర్చున్నవాడు లేవాలంటే ముందు చేతులు నేలకు ఆనిస్తాడు. తర్వాత మోకాళ్ల మీద, ఆపైన తొడల మీద చేతులేసుకుంటూ, తన ఒంటినే నిచ్చెన చేసుకుని ఎక్కుతాడు. పిక్కలు మాత్రం పహిల్వాన్‌కున్నట్టు లావు. తండ్రి మిల్లులో కాంట్రాక్టు కూలీ. డాక్టర్లు డుషేన్ మస్కులర్ డిస్ట్రఫీ అన్నారు. వాడ తీర్పు వేరు: "మేనరికం చేసుకున్నరు, తల్లి కడుపులనే దోషం." నాయనమ్మదీ అదే మాట.

ఈ తీర్పు ఎంత నిజమో చరిత్రనే అడుగుదాం మిత్రులారా.

1852లో లండన్ డాక్టర్ ఎడ్వర్డ్ మెర్యన్ ఒకే ఇంటి అన్నదమ్ములకు ఈ జబ్బు రావడం గురించి రాశాడు. వెన్నుపాము బాగానే ఉంది, కండరపు పోగు మీది పొరే చిట్లిపోతోంది అన్నాడు. పెద్దగా పట్టించుకోలేదెవరూ. 1868లో పారిస్ డాక్టర్ డుషేన్ 13 మంది రోగుల వివరాలతో రాశాడు, జబ్బుకు ఆయన పేరే నిలిచింది. ఆ పిల్లవాడు లేచే తీరుకేమో గోవర్స్ అనే ఇంకో లండన్ డాక్టర్ పేరు. (ఎవరి పని ఎవరి పేరున నిలుస్తుందన్నది మనకు కొత్త ప్రశ్న కాదులెండి.) 1986లో బోస్టన్‌లో లూయిస్ కంకెల్ బృందం జన్యువును పట్టుకుంది. మరుసటి ఏడు ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ దొరికింది: డిస్ట్రోఫిన్. కండరం ముడుచుకున్నప్పుడల్లా పొర చిరగకుండా కాపాడేది అదే. మెర్యన్ చూసింది నిజమని తేలేసరికి 135 ఏళ్లు.

ఇక మేనరికం. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. కొడుక్కి తండ్రి నుంచి వచ్చేది వై, ఎక్స్ తల్లి నుంచే. కాబట్టి తండ్రి మేనమామైనా, పరాయివాడైనా ఈ జబ్బుకు తేడా లేదు. దగ్గరి పెళ్లిళ్లతో పెరిగే కండరాల జబ్బులు వేరే ఉన్నాయి, లింబ్ గర్డిల్ రకాల్లో చాలావాటిలాగా. ఆ నింద తెచ్చి ఈ తల్లికి అంటగట్టారు. అసలు సంగతేమిటంటే, సుమారు మూడోవంతు పిల్లల్లో ఆ లోపం తల్లిలో ఉండదు, కొత్తగా పుడుతుంది. ఉన్నా, రెండో ఎక్స్ కాపాడుతుంది గనుక చాలామంది తల్లులకు తెలియను కూడా తెలియదు.

1995 వికలాంగుల చట్టంలో ఈ జబ్బు పేరే లేదు. 2016 చట్టంలో చేరింది: ఉద్యోగాల్లో చలన వైకల్యాలకిచ్చిన 1 శాతంలో వాటా, ఉన్నత విద్యలో వికలాంగులందరికీ కలిపి 5 శాతం. సదరం క్యాంపుకు వెళ్లేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. పూర్తిగా నయం చేసే మందు లేదు. స్టెరాయిడ్లు నడక పోయే రోజును కొంత వెనక్కి నెడతాయి. గుండె, ఊపిరి కండరాలను ఏటా చూపించుకోవాలి. జన్యు పరీక్షకు మాత్రం హైదరాబాద్ పోవాల్సిందే, సీడీఎఫ్‌డీకో, నిమ్స్‌కో. ఇక్కడి నుంచి 300 కిలోమీటర్లు, తండ్రికి రెండు రోజుల కూలి.

మొన్న క్లాసు అయ్యాక ఆ అమ్మాయి ఆగింది. "సార్, అమ్మకు ఉంటే నాకూ ఉండొచ్చు గదా?"

ఉండొచ్చు, సగం అవకాశం. ముందు అమ్మకు చేయించాలి అన్నాను.

"నాయనమ్మకు తెల్వకుంట అమ్మను ఎట్ల తీస్కపోవాలె సార్?"