బాహ్య నిల్వ పరికరాల విద్యుత్ నిర్వహణ

కంప్యూటరుకు యు.ఎస్.బి. తీగతో కలిపే హార్డు డిస్కులు, ఫ్లాష్ డ్రైవులు వంటివి వాడుకలో లేనప్పుడు వాటి విద్యుత్ వినియోగాన్ని తగ్గించే పద్ధతిని బాహ్య నిల్వ పరికరాల విద్యుత్ నిర్వహణ అంటారు. వాడేవారి ప్రమేయం లేకుండా పరికరం దానంతటదే విరామ స్థితికి చేరడం ఆటో సస్పెండ్.

రెండు అంచెలు

యు.ఎస్.బి. 2.0 ప్రకారం ఒక పరికరం 5 వోల్టుల వద్ద గరిష్ఠంగా 500 మిల్లీ ఆంపియర్లు తీసుకోవచ్చు. 2008లో వచ్చిన 3.0 ప్రమాణం దీనిని 900కు పెంచింది. తీగపై 3 మిల్లీసెకన్ల పాటు ఏ సంకేతమూ రాకపోతే యు.ఎస్.బి. 2.0 పరికరం సస్పెండ్ స్థితికి వెళ్ళాలి. అప్పుడు కూడా తీగలో 5 వోల్టుల సరఫరా ఆగదు. లాంతరు వత్తి తగ్గించడం వేరు, దీపం ఆర్పడం వేరు కదా!

ఇది తీగకు సంబంధించిన అంచె. హార్డు డిస్కులోని మోటారును ఆపడం రెండవ అంచె. నిర్ణీత కాలం పని లేకపోతే డిస్కు తన పళ్ళెములను తిప్పడం మానివేస్తుంది. మళ్ళీ ఫైలు అడిగినప్పుడు అవి పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. డిస్కు చెడిపోయిందని చాలామంది భ్రమపడేది ఈ ఆలస్యం వలననే. ఫ్లాష్ డ్రైవులలో మోటారు లేదు కనుక ఈ ఇబ్బంది లేదు.

లినక్సులో

లినక్సు కెర్నల్‌లో ఆటో సస్పెండ్‌కు డిఫాల్టు వ్యవధి 2 సెకన్లు. కొన్ని పరికరాలు నిద్ర నుండి సరిగా మేల్కొనవు. అందుచేత కెర్నల్ తనంతట తానుగా హబ్‌లకు మాత్రమే దీనిని అమలుచేస్తుంది, మిగిలిన వాటికి వాడుకరి అనుమతించాలి. మోటారు ఆగే వ్యవధిని హెచ్‌డీపార్మ్ అనే ఉపకరణంతో నిర్ణయించవచ్చు. దీనిలో 1 నుండి 240 వరకు విలువలను 5 సెకన్లతో గుణించాలి. అనగా 120 ఇస్తే 10 నిమిషాలు. 241 ఇస్తే మాత్రం అరగంట! కొన్ని డిస్కు పెట్టెలు ఈ ఆదేశాన్ని లోపలి డిస్కుకు చేరవేయవు. విండోస్‌లో సెలక్టివ్ సస్పెండ్ సదుపాయం ఎక్స్‌పీ నుండి ఉంది.

జాగ్రత్తలు

వ్యవధిని మరీ తగ్గించడం ఆదా కాదు. చాలా లాప్‌టాప్ డిస్కులు చదివే తలలను 3 లేదా 6 లక్షల సార్లు పక్కకు జరిపి నిలిపేందుకు తగినట్లుగా తయారవుతాయి. ప్రతి 30 సెకన్లకు ఒకసారి జరిగితే గంటకు 120 సార్లు. 3 లక్షల పరిమితి 2,500 గంటలలో, అనగా దాదాపు 104 రోజులలో తీరిపోతుంది.

సస్పెండ్ అయిన డిస్కును అలాగే ఊడదీయరాదు. వ్రాయవలసిన సమాచారం కంప్యూటరు మెమరీలోనే మిగిలి ఉండవచ్చు, కనుక ముందుగా అన్‌మౌంట్ చేయాలి. కంప్యూటరు నిద్రలో ఉండగా ఒక డ్రైవు తీసి అదే రకపు మరొకటి పెట్టడం ఇంకా ప్రమాదకరం. మేల్కొన్న లినక్సు దానిని పాతదిగానే భావించి, కొత్త డ్రైవులోని ఫైలు వ్యవస్థను పాడుచేసే అవకాశం ఉంది.