నిజామియా వేధశాల: బేగంపేట నుంచి చంద్రగమనం

సికింద్రాబాద్, హైదరాబాద్ నగరాలకు నడుమ బేగంపేటలో ఉన్న పాత ఖగోళ పరిశోధనాలయం నిజామియా వేధశాల. ఆకాశపటం తయారీలో దీని పాత్ర గురించి అంతో ఇంతో రాశారు. చంద్రుడి కదలికను పట్టుకోవడానికి ఇక్కడ చేసిన కృషి మాత్రం దాదాపు మరుగున పడిపోయింది.

పైగా అనే ప్రభువంశానికి చెందిన నవాబ్ జాఫర్ జంగ్ ఇంగ్లండులో ఖగోళ విద్య మీద మనసుపడి, 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని కొని తెచ్చుకున్నాడు. 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాలను నెలకొల్పి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టాడు. జాఫర్ జంగ్ మరణానంతరం, 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. తొలి సంచాలకుడు ఆర్థర్ చాట్‌వుడ్ హయాంలో వేధశాల బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

వేర్వేరు దేశాల వేధశాలలు పంచుకుని తయారుచేసిన అంతర్జాతీయ ఆకాశపటం కోసం తమ వంతుకు వచ్చిన భాగాన్ని ఫొటోలు తీసి, లక్షలాది నక్షత్రాల స్థానాలు కొలవడం ఇక్కడివారి ప్రధాన బాధ్యత. అందుకు వాడింది 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్. టి.పి. భాస్కరన్ సంచాలకుడిగా ఉన్నప్పుడు, 1922లో, 15 అంగుళాల దూరదర్శిని కూడా పనిలోకి దిగింది. చంద్రబింబం నక్షత్రాలను కప్పివేసే క్షణాలను నమోదు చేసే పని ఆయన కాలంలో ఇక్కడ సాగింది.

ఆ పని చేసే తీరు ఇలా ఉంటుంది. చంద్రుడు నక్షత్రాల మధ్య గంటకు సుమారు తన వెడల్పంత దూరం తూర్పుకు జరుగుతాడు. శుక్లపక్షంలో ముందుండేది వెలుగులేని అంచు. పరిశీలకుడు కంటికటకం దగ్గర కన్నార్పకుండా కూర్చుంటాడు. చెవి గడియారం టిక్కుల మీద, వేలు మీట మీద ఉంటాయి. చీకటి అంచు తాకగానే నక్షత్రం ఠక్కున ఆరిపోతుంది. మసకబారుతూ పోదు, ఎందుకంటే దాని వెలుగును వంచడానికి చంద్రుడి మీద చెప్పుకోదగ్గ వాతావరణం లేదు. కక్ష్యలో చంద్రుడి వేగం సెకనుకు సుమారు ఒక కిలోమీటరు. మీట నొక్కడంలో సెకనులో పదోవంతు తేడా వచ్చినా స్థానం లెక్కలో దాదాపు వంద మీటర్లు తప్పుతుంది.

చంద్రుడు ఇలా నక్షత్రాల మధ్య కదలడం పంచాంగం చూసేవారికి కొత్తేమీ కాదు. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. మనకు బాగా తెలిసిన రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ తారలు చంద్రుడి దారిలోనే ఉన్నాయి. ప్రథమ శ్రేణి తారల్లో ఈ నాలుగింటినే చంద్రుడు కప్పగలడు. చంద్రకక్ష్య వాలు తిరిగే 18.6 ఏళ్ల చక్రాన్ని బట్టి ఒక్కో తారకు వరుసగా కొన్నేళ్లు ఆ యోగం పడుతుంది.

మరి ఇంత సూక్ష్మంగా కొలిచి ఏం సాధించారు? ఖగోళ గణితవేత్త ఎర్నెస్ట్ బ్రౌన్ 1919లో ప్రచురించిన చంద్ర పట్టికలకు, ఆకాశంలో కనిపించే చంద్రుడికి కొద్దిపాటి తేడా వస్తూనే ఉండేది. సూర్యుడు, బుధుడు, శుక్రుడు కూడా అదే రీతిలో తేడా చూపుతున్నారని 1939లో బ్రిటిష్ ఖగోళవేత్త హెరాల్డ్ స్పెన్సర్ జోన్స్ నిరూపించాడు. దోషం చంద్రుడిది కాదు, అప్పట్లో కాలానికి కొలబద్దగా ఉన్న భూభ్రమణానిది! భూమి ఒకే వేగంతో తిరగడం లేదని తేలింది. ఇంత పెద్ద నిర్ణయానికి రావాలంటే ఒక్క వేధశాల లెక్కలు చాలవు, వేర్వేరు దేశాల్లోని పరిశీలకులు ఏళ్ల తరబడి నమోదు చేస్తూ పోవాలి. హైదరాబాద్ పేరుతో వెలువడిన చిన్న చిన్న పట్టికల విలువ అక్కడుంది. వాటిని రెండో తరగతి పనిగా చూడటం అన్యాయం.

ఈ ప్రాంగణంలోనే పెరిగిన పిల్లవాడు వైనూ బప్పు. తండ్రి ఇక్కడి ఉద్యోగి. బప్పు నిజాం కళాశాలలో చదివి, 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకరయ్యారు. తరవాత అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షులయ్యారు.

నగర దీపాలు పెరిగాక పరిశీలన ఆగ్నేయాన ఉన్న రంగాపూర్‌కు తరలింది. అక్కడ 1968లో 48 అంగుళాల దూరదర్శిని వెలిసింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణంలో చంద్రుడి నీడ ఆ వేధశాల మీదుగానే సాగింది. చంద్రుడితో ఈ నగరాల అనుబంధం అక్కడితో ఆగలేదు. 2008లో చంద్రయాన్-1 సంకేతాలను అందుకున్న బైలాలులోని 32 మీటర్ల యాంటెన్నా నిర్మాణంలోనూ జంటనగరాల పాలు ఉంది: అందులో పాలుపంచుకున్న ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ కుషాయిగూడ ప్రాంతంలోనిదే.

బేగంపేట ప్రాంగణంలో ఇప్పుడు సామాజిక, ఆర్థిక అధ్యయనాల కేంద్రం నడుస్తోంది. పాత గుమ్మటాలు శిథిలమయ్యాయి. అవి పూర్తిగా కూలకముందే బాగుచేసి, పాత పరిశీలన పట్టికలతో అక్కడే ఒక ప్రదర్శనశాల పెట్టాలి.