మోకాలి ఆర్థ్రోస్కోపీ

మోకాలి ఆర్థ్రోస్కోపీ అనగా మోకాలి కీలును పూర్తిగా తెరవకుండా, చిన్న గాట్ల ద్వారా సన్నని కెమెరా గొట్టాన్ని, పనిముట్లను లోపలికి పంపి చేసే శస్త్రచికిత్స.

ప్రయోజనాలు

తెగిన స్నాయువును పునర్నిర్మించుటకు, కీలులో ఇరుక్కొని మోకాలిని కదలనీయని మృదులాస్థి ముక్కలను తొలగించుటకు ఇది ఉపయోగపడుతుంది. అయితే కీళ్ళ అరుగుదలకు దీనివలన చెప్పుకోదగిన మేలు కనబడలేదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది రోగులపై జరిపి, 2002లో ప్రచురించిన పరిశోధనలో కొందరికి చర్మంపై గాట్లు మాత్రమే పెట్టి కుట్టివేశారు. రెండు సంవత్సరాల తరువాత కూడా నిజమైన చికిత్స పొందినవారికి వీరికంటే నొప్పి తగ్గలేదు.

ప్రమాదాలు

కీలులో చీము పట్టుట, కాలి సిరలలో రక్తం గడ్డకట్టుట అరుదుగా జరుగుతాయి. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం కలుగవచ్చు. అందువలన అరుగుదల రోగులలో దాదాపు అందరికీ ఈ చికిత్స వలదని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు సూచించాయి. వీరికి వ్యాయామం, అధిక బరువు తగ్గించుకొనుట ముఖ్యమైన చికిత్సలు.